వార్తల్లో పదం: సిండెమిక్

భర్త తాగుడు, భార్య ఒంటిపై దెబ్బలు, ఆమె కుంగుబాటు, నిద్ర కోసం ఆమె మింగే మాత్రలు. ఇలాంటి సమస్యలు ఒకదాన్నొకటి పెంచుతూ, పేదరికం, వివక్ష ఉన్నచోట మరింత ముదరడాన్ని సిండెమిక్ అంటున్నారు. అమెరికా వైద్య మానవశాస్త్రవేత్త మెరిల్ సింగర్ 1990లలో ఈ భావనను ముందుకు తెచ్చారు. కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ పేదల వాడల్లో మత్తుమందులు, హింస, ఎయిడ్స్ పెనవేసుకుపోవడం ఆయన చూశారు.

మన లెక్కలూ దాదాపు అదే చెబుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, భర్త తరచూ తప్పతాగే మహిళల్లో 70 శాతం మంది అతని చేతిలో శారీరక లేదా లైంగిక హింసకు గురయ్యారు. అసలు తాగని భర్తలున్నవారిలో అది 23 శాతం. మందు మాన్పిస్తే అన్నీ సర్దుకుంటాయనే పెద్దమనుషులు ఈ రెండో అంకెను చూడరు. తాగుడు హింసను పెంచుతుంది, నిజమే. కొట్టే హక్కు ఉందన్న నమ్మకానికి మాత్రం సీసా అక్కర్లేదు.

చికిత్స, రక్షణ కలిసి నడవాలన్నది సిండెమిక్ వాదం. మన దగ్గర హింసకు 181, మానసిక వేదనకు 14416, వ్యసనానికి 14446 అని ఫోన్ నంబర్లే వేరు.