కంప్యూటర్లను కనిపెట్టుకుని ఉండేవారు

2024 జూలై 19న శంషాబాద్ విమానాశ్రయంలో కొందరు ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగు పాసులు ఇచ్చారు. ఎందుకో తెలుసా? ఆ రోజు ప్రపంచమంతటా లక్షలాది కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయాయి. ఎన్నో విమానాలు రద్దయ్యాయి. కొన్ని దేశాల్లో ఆసుపత్రులు, బ్యాంకుల పనికి కూడా ఆటంకం కలిగింది.

ఇది శత్రువుల దాడి కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ తన రక్షణ సాఫ్ట్‌వేరు కోసం పంపిన ఒక చిన్న ఫైలులో తప్పు దొర్లింది. మన కాలమానం ప్రకారం ఉదయం 9.39కి దాన్ని పంపారు, 10.57కి వెనక్కు తీసుకున్నారు. ఆ 78 నిమిషాల్లోనే జరగవలసిన నష్టం జరిగిపోయింది. దెబ్బతిన్న కంప్యూటర్లు సుమారు 85 లక్షలని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది.

ఫైలును వెనక్కు తీసుకున్నారు గదా, మరి కంప్యూటర్లు వాటంతట అవే బాగుపడలేదా? చాలావరకు లేదు. కంప్యూటరు పూర్తిగా మొదలైతేనే సరిచేసిన ఫైలు అందుతుంది. కాని మొదలవుతుండగానే తప్పు ఫైలు దాన్ని పడగొడుతోంది! కాబట్టి ఎన్నో చోట్ల ఒక మనిషి ఒక్కొక్క కంప్యూటరు ముందూ కూర్చుని, దాన్ని సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును తొలగించవలసి వచ్చింది. ఆ మనిషి ఉద్యోగం పేరే సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు.

ఇంతకీ ఆయన పనేమిటి?

పరీక్షా ఫలితాల రోజున మీరు హాల్‌టికెట్ నంబరు కొట్టగానే మార్కులు కనిపిస్తాయి. అవి మీ ఫోనులో లేవు. ఎక్కడో ఉన్న సర్వరు అనే కంప్యూటరు నుండి వస్తాయి. అదే నిమిషంలో లక్షలమంది అదే సర్వరు తలుపు తడుతుంటారు. అది కూలిపోకుండా చూడాలి గదా!

మన పల్లెల్లో చెరువు తూము దగ్గర నీరు వదిలే నీరటిని గుర్తు తెచ్చుకోండి. ఏ పొలానికి ఎంత నీరో ఆయనకు తెలుసు. వానలు రాకముందే కట్ట మీద నడిచి గండి పడే చోటు చూసుకుంటాడు. సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు పనీ అలాంటిదే. ఎవరు ఏ ఫైలు చూడవచ్చునో నిర్ణయించిన ప్రకారం అనుమతులిస్తాడు. సాఫ్ట్‌వేరులోని లోపాలు ఎప్పటికప్పుడు సరిచేస్తాడు. డిస్కు నిండిపోతోందా, యంత్రం వేడెక్కుతోందా అని గమనిస్తాడు. ముఖ్యమైన సమాచారానికి నకళ్లు తీసి దాస్తాడు. ఈ ఉద్యోగంలో స్త్రీలూ ఉన్నారు, పురుషులూ ఉన్నారు.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక సర్వరు ఏడాదిలో 99.9 శాతం కాలం పనిచేసిందనుకోండి. బాగానే ఉందనిపిస్తుంది. ఏడాదికి 8,760 గంటలు. అందులో 0.1 శాతం అంటే 8.76 గంటలు. ఆ ఎనిమిదిన్నర గంటల పైచిలుకు ఆసుపత్రిలో అత్యవసర రోగి వచ్చిన రోజునే పడితే? ఈ ఉద్యోగంలో రాత్రి డ్యూటీలు ఎందుకుంటాయో ఇప్పుడు మీకే అర్థమవుతుంది.

అయిదు నకళ్లున్నా...

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఉద్యోగి రాత్రి పొద్దుపోయేదాకా ఒక చిక్కు విప్పుతున్నాడు. ఒక సర్వరులో తొలగించవలసిన సమాచారాన్ని పొరపాటున మరొక సర్వరులో తొలగించాడు. ఒకటి రెండు సెకండ్లలో తెలుసుకుని ఆపాడు. అప్పటికే సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర మాత్రమే మిగిలింది.

సమాచారాన్ని కాపాడటానికి అక్కడ అయిదు ఏర్పాట్లున్నాయి. వాటిలో ఏదీ సరిగా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది! నకలు తీయడం విఫలమైతే హెచ్చరించవలసిన ఈమెయిళ్లు కూడా చేరవలసిన చోటికి చేరలేదు. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన నకలు ఒకటి దొరికింది. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం పోయింది.

ఇందులోని నీతి గమనించండి. నకలు తీస్తే చాలదు. దాని నుండి అసలును తిరిగి తెచ్చి చూడాలి. అలా చూడని నకలు ఉన్నా లేనట్టే. ఆ సంస్థ జరిగినదంతా దాచకుండా ప్రకటించింది. అందుకే ఇతరులూ జాగ్రత్తపడగలిగారు.

ఈ దారి ఎక్కడ మొదలవుతుంది?

పది తరువాత ఐ.టి.ఐ.లో కంప్యూటర్ ఆపరేటర్ అండ్ ప్రోగ్రామింగ్ అసిస్టెంట్ అనే ఏడాది కోర్సు ఉంది. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో మూడేళ్ల కంప్యూటరు డిప్లొమా చదవవచ్చు. ఆపైన ఈసెట్ ద్వారా ఇంజనీరింగు రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఇంటర్ చదివి బి.ఎస్‌సి. లేదా బి.టెక్. వైపు వెళ్లేవారూ ఉన్నారు. రెడ్‌హ్యాట్ వంటి సంస్థలు ఇచ్చే సర్టిఫికెట్లకు కూడా విలువ ఉంది. రెడ్‌హ్యాట్ పరీక్షలో సరైన జవాబుకు టిక్కు పెట్టడం ఉండదు. యంత్రం మీద పనిచేసి చూపాలి.

చాలామందికి తొలి ఉద్యోగం హెల్ప్‌డెస్కులో దొరుకుతుంది. ‘ప్రింటరు పనిచేయడం లేదు’, ‘పాస్‌వర్డు మరిచిపోయాను’ అనే ఫిర్యాదులే రోజంతా. చిన్న పని అనుకోవద్దు. ఓపికగా వినడం, కారణాలను ఒక్కొక్కటిగా కొట్టివేస్తూ అసలు కారణం పట్టుకోవడం అక్కడే అలవడతాయి. మీరు ప్రయోగశాలలో చేసేదీ ఇదే గదా!

మీరూ చేసి చూడండి

1. పింగ్ అనే ఆజ్ఞను 1983లో మైక్ మూస్ అనే అమెరికన్ రాశాడు. ధ్వని పాఠంలోని సోనార్ లాంటిదే ఇది. ఒక కంప్యూటరుకు చిన్న సందేశం పంపి, జవాబు రావడానికి పట్టిన కాలాన్ని చూపుతుంది. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 10,000 కిలోమీటర్ల దూరాన ఉన్న సర్వరు నుండి జవాబు రావడానికి కనీసం ఎంత కాలం పట్టాలో లెక్కగట్టండి.

2. పాత కంప్యూటరు ఏదైనా దొరికితే, పెద్దల అనుమతితో అందులో లైనక్స్ వేసి చూడండి. 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ఈ వ్యవస్థ ఉచితంగా దొరుకుతుంది. నేడు ప్రపంచంలోని సర్వర్లలో చాలా భాగం దీనిమీదే నడుస్తున్నాయి.

3. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఏం మార్చారు, ఎప్పుడు మార్చారు, ఏం జరిగింది అన్నవి రాయండి.

ఒక హెచ్చరిక. ఇతరుల కంప్యూటరులోకి అనుమతి లేకుండా చొరబడటం సమాచార సాంకేతిక చట్టం, 2000 ప్రకారం నేరం. ఈ ఉద్యోగికి సంస్థలోని గదులన్నిటి తాళంచెవులూ అప్పగిస్తారు. ఆ గుత్తి చేతికి రావాలంటే తెలివి ఒక్కటే చాలదు, నమ్మకం సంపాదించాలి.

ఇక ఈ ఆదివారం మీ ఇంటి ముఖ్యమైన ఫోటోలకు పెన్‌డ్రైవులో నకలు తీయండి. ఆ పెన్‌డ్రైవును మరో కంప్యూటరుకు తగిలించి, ప్రతి ఫోటో తెరుచుకుంటుందో లేదో చూడండి. రెండో పని చేయడం మరిచిపోకండి!