ఏడాదికి 88 సెంట్లు, రోజుకు మూడు ప్రార్థనలు

జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఫుగెరాయ్ అనే వాడ ఉంది. అక్కడ ఇంటి అద్దె ఏడాదికి 88 సెంట్లు. కరెంటు, హీటింగ్ ఖర్చులు వేరే. ఇల్లు కావాలంటే పేదవాళ్లై, ఆ ఊరివాళ్లై, కేథలిక్కులై ఉండాలి. రోజూ మూడు ప్రార్థనలు చేయాలి, అదీ దాత ఆత్మశాంతి కోసం.

ఆ దాత యాకోబ్ ఫుగర్. రాజులకే అప్పులిచ్చిన షావుకారు. 1519లో ఐదో చార్లెస్‌ను పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తిగా ఎన్నుకునేందుకు ఓటర్లకు పంచిన సొమ్ములో పెద్ద వాటా ఈయనదే. 1521లో ఈ వాడకు దానపత్రం రాశాడు. వడ్డీని చర్చి పాపమనే కాలమది. పరలోకపు లెక్కల మీద ఆయనకు బెంగ ఉండే ఉంటుంది. అందుకే ఊరికే ఇవ్వలేదు, బదులుగా ప్రార్థనలు అడిగాడు. మన శాసనాల్లోనూ ఇదే వరస: తల్లిదండ్రుల పుణ్యం కోసమని గుడికి గొర్రెలిచ్చి, అఖండదీపం వెలిగించమన్నవాళ్లు ఎందరో.

దాత ఉద్దేశం ఏదైతేనేం, వాడ నిలిచింది. మొజార్ట్ ముత్తాత, తాపీమేస్త్రీ ఫ్రాంజ్, చివరి రోజులు ఇక్కడే గడిపాడు. 1944లో బాంబులకు చాలా ఇళ్లు కూలితే మళ్లీ కట్టారు. ఇప్పుడు సుమారు 150 మంది ఉంటున్నారు. ఖర్చులు ఫుగర్ల అడవుల రాబడి, సందర్శకుల టికెట్ల డబ్బుతో గడుస్తున్నాయి. ఇళ్లన్నీ ఒకే తీరు కనుక, చీకట్లో చేత్తో తడిమి పోల్చుకునేలా గుమ్మాల గంట పిడులు ఒక్కోటి ఒక్కో ఆకారంలో ఉంటాయి. రాత్రి పదింటికి గేటు మూస్తారు. ఆలస్యమైతే కాపలాదారుకు 50 సెంట్లు, అర్ధరాత్రి దాటితే ఒక యూరో. అంటే అలా ఒక్కసారి వచ్చినా ఏడాది అద్దెను మించిపోయినట్టే!

ఫ్రాంక్‌ఫర్ట్ డాక్టర్ యోహాన్ క్రిస్టియన్ సెంకెన్‌బర్గ్‌ది వేరే కథ. ముగ్గురు భార్యలూ పోయారు, పిల్లలూ దక్కలేదు. 1763లో తన ఆస్తిని వైద్యవిద్యకూ, ఊరి రోగులకూ రాసిచ్చాడు. 1772లో తాను కట్టిస్తున్న ఆసుపత్రి భవనం పైనుంచి పడి చనిపోయాడు. ఆయన పెట్టించిన శరీరశాస్త్ర శాలలో మొదట కోసి పరీక్షించింది ఆయన దేహాన్నేనట.

జర్మనీలో ఇప్పుడు ఇలా ఆస్తిని ధర్మానికి రాయడానికి పన్ను కూడా ఒక కారణమే. బంధుత్వం లేనివాళ్లకు ఆస్తి రాస్తే 20 వేల యూరోలు దాటిన మొత్తం మీద కనీసం 30 శాతం వారసత్వ పన్ను పడుతుంది. గుర్తింపు పొందిన ధర్మసంస్థకు రాస్తే ఏమీ పడదు. అయినా పన్ను కోసమే ఇస్తారనడం అన్యాయం. ముప్ఫై మిగుల్చుకోవడానికి నూరూ వదులుకునేవాడెవడు?

ఇక వారసుల గోల ఉండనే ఉంటుంది. ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాంకర్ స్టేడెల్ తన చిత్రాలనూ, సంపదనూ కళాసంస్థకు వీలునామా రాసి 1816లో పోయాడు. దూరపు బంధువులు కోర్టుకెక్కారు. 1828లో రాజీ కుదిరాకే ఆ సంస్థ ఊపిరి పీల్చుకుంది.