బ్యాలెన్సు అంటే మన డబ్బా? మన బాకీయా?

బ్యాలెన్సు ఇంగ్లీషు మాట. అయినా ఇప్పుడు ఊళ్ళో ఈ మాట అనని వాళ్ళు లేరు. "ఫోనులో బ్యాలెన్సు అయిపోయింది" అంటారు. బస్సులో కండక్టరు "బ్యాలెన్సు దిగేటప్పుడు తీసుకోమ్మా" అంటాడు. సైకిలు నేర్చుకునే పిల్లతో "బ్యాలెన్సు చూసుకో" అంటారు.

ఒక్క మాటకు ఇన్ని అర్థాలెలా వచ్చాయి? ఈ మాట లాటిన్ భాషలో పుట్టింది. అక్కడ దీనికి "రెండు పళ్ళేలు" అని అర్థం. అంటే మన తక్కెడే! రెండు పళ్ళేలూ సమంగా ఉంటే ముల్లు నిలబడుతుంది. సైకిలు పడకుండా నడవడమూ అలాంటిదే. డబ్బు లెక్కలోనూ రెండు వైపులుంటాయి. ఒకవైపు వచ్చింది, ఒకవైపు పోయింది. వాటి మధ్య తేడాయే బ్యాలెన్సు. ఆ తేడా ఎవరు ఎవరికి ఇవ్వాలో మాత్రం ఆ మాట చెప్పదు. చిక్కంతా ఇక్కడే.

కండక్టరు దగ్గర బ్యాలెన్సు అంటే మనకు రావలసిన చిల్లర. పొదుపు పాసుపుస్తకంలో బ్యాలెన్సు మన డబ్బు. దాన్ని నిల్వ అంటాం. అప్పు పుస్తకంలో బ్యాలెన్సు మనం ఇంకా కట్టవలసింది. అది బాకీ. తెలుగులో రెండు మాటలున్నాయి. బ్యాంకు పుస్తకంలో రెండిటికీ ఒకటే మాట. బాకీని చూసి నిల్వ అనుకుంటే ఇంకేముంది!

అందుకే అంకె చూసే ముందు అట్ట చూడాలి. పొదుపు ఖాతాయా, లోను ఖాతాయా? కొన్ని పుస్తకాల్లో అంకె పక్కన ఇంగ్లీషులో "సి, ఆర్" అక్షరాలుంటాయి. అది జమ. "డి, ఆర్" ఉంటే బాకీ.

ఒకామె బ్యాంకులో 50,000 రూపాయలు అప్పు తీసుకుంది అనుకుందాం. రూపాయి వడ్డీ. అంటే మొదటి నెల వడ్డీ 500. ఆమె 2,000 కట్టింది. 500 వడ్డీకి పోయింది. 1,500 అసలుకు చేరింది. ఇప్పుడు బ్యాలెన్సు 48,500. 48,000 కాదు. ఇందులో మోసం లేదు. కాని కిస్తీ కట్టినా బ్యాలెన్సు అసలు తగ్గకపోతే ఊరుకోకూడదు. రసీదు తీసుకెళ్ళి "నా కిస్తీ ఏ ఖాతాలో జమ అయింది?" అని అడగాలి. సంఘం అప్పయితే, లీడరు చేతికిచ్చిన డబ్బు బ్యాంకుకు చేరిందో లేదో కూడా ఈ అంకె చూస్తేనే తెలుస్తుంది.

మినిమం బ్యాలెన్సు అంటే ఖాతాలో ఉంచవలసిన కనీస నిల్వ. అది తగ్గితే కొన్ని బ్యాంకులు మన డబ్బులోంచే కోత పెడతాయి. 2014లో మొదలైన జనధన్ ఖాతాకు ఈ షరతు లేదు. అందుకే దాన్ని జీరో బ్యాలెన్సు ఖాతా అంటారు.

పొదుపు పుస్తకంలో సున్నా ఉంటే డబ్బు లేదని. అప్పు పుస్తకంలో సున్నా ఉంటే బాకీ తీరిందని. ఆ రోజే "అప్పు తీరింది" అని బ్యాంకు నుంచి కాగితం రాయించుకోవాలి.