పిల్లల గుట్టు – తల్లి చేవ్రాలు



మన దిల్‌సుఖ్‌నగరు మొదలు ఎల్.బి. నగరు వఱకు ఏ వీథి చూచినను ఒక పాఠశాలయో, జూనియరు కళాశాలయో, కోచింగు కేంద్రమో కానవచ్చును. సాయంకాలము పిల్లవాడు ఇల్లు చేరి, సంచినుండి యొక కాగితము తీసి, "అమ్మా, రేపటికి సంతకము కావలెనట" యనును. పొయ్యిమీద పాలు పొంగుచుండును. చదువకయే మనము చేవ్రాలు చేయుదుము.

ఆ కాగితమున తండ్రి ఆదాయము, కులము, ఇంటివారి ఫోను సంఖ్యలు, ఒక్కొక్కప్పుడు పిల్లవాని మనోవ్యథలు గూడ అడుగబడియుండును. పదవ తరగతి ముగియునప్పటికి ఎన్నడు నెఱుగని కళాశాలలవారు ఫోను చేయుట పెక్కుమంది తల్లులకు అనుభవమే. మన సంఖ్య మీకెట్లు తెలిసినదన్నచో బదులుండదు.

సర్వేలన్నియు చెడ్డవని నా తాత్పర్యము కాదు. 2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు 6 మొదలు 12వ తరగతి వఱకు 3,79,000 మందికి పైగా విద్యార్థుల మానసికారోగ్యమును విచారించిరి. నూటికి 81 మంది చదువు, పరీక్షలు, ఫలితములే తమ కలతకు కారణములనిరి. తల్లులు వినవలసిన మాట గదా! అందు పేరు వ్రాయుట విద్యార్థి యిష్టమునకే విడువబడెను. లెక్క మాత్రమే కావలసినచోట పేరుతో పనిలేదనుటకు వేఱు నిదర్శనమేల?

2017 ఆగస్టు 24న సుప్రీముకోర్టు గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పెను. బడిలో చేర్చుకొనుటకు ఆధారు తప్పనిసరి కాదని 2018 సెప్టెంబరు 26న చెప్పెను. 12 అంకెల అపార్ సంఖ్యకును తల్లిదండ్రుల సమ్మతిపత్రము కావలెను. 18 ఏండ్లు నిండనివారి వివరములకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము విధించినది. 2025 నవంబరున వెలువడిన నిబంధనల ప్రకారము ఈ విధికి 18 నెలల గడువు గలదు. చదువు, రక్షణల నిమిత్తము పాఠశాలలకు కొంత మినహాయింపును గలదు.

కావున చేవ్రాలునకు ముందు నాలుగు ప్రశ్నలు వేయుడు. ఈ వివరములెందులకు? ఎవరు చూతురు? ఎంతకాలముంచుదురు? ఇయ్యనిచో పిల్లవానికి నష్టమేమి? బదులు రానిచో ఆ గడిని ఖాళీగా విడిచి, ప్రధానోపాధ్యాయునకు రెండు పంక్తులు మర్యాదగా వ్రాయుడు. అడిగినచో పిల్లవానిపై అలుగుదురేమోయని జంకవలదు. నలుగురు తల్లులు కలసి యడిగిన ఆ భయము తీరును. ఎదిగిన బిడ్డనుగూడ "నీకిష్టమేనా?" యని యడుగుట మఱువకుడు, గుట్టు వానిదే గదా.

ఇంటిగుట్టు లంకకు చేటని పెద్దలనిరి. ఆ గుట్టు నేడు మన కలము మొననున్నది.