సైకాలజీ డిగ్రీ సరే... తర్వాత దారేది?

‘మా అమ్మాయి డిగ్రీలో సైకాలజీ తీసుకుంటానంటోంది. చదివితే డాక్టరవుతుందా? ఉద్యోగం వస్తుందా?’ బీపీ చూపించుకోవడానికి వచ్చిన తల్లిదండ్రులు కూడా ఈమధ్య ఈ ప్రశ్న అడుగుతున్నారు. సైకాలజీ మంచి చదువే. అవసరమూ చాలా ఉంది. కాకపోతే ఇది డిగ్రీతో ముగిసే చదువు కాదు. ఆ సంగతి మొదటి ఏడాదిలోనే తెలిసినవారు నిలదొక్కుకుంటారు. మూడో ఏడాది చివర తెలుసుకున్నవారు హడావుడిగా ఏదో ఒక సర్టిఫికెట్ కోర్సులో చేరిపోతారు.

అవసరం ఎంత?

గుండెదడ, కడుపులో మంట, నిద్ర పట్టకపోవడం, ఒళ్లంతా నొప్పులు అంటూ మా ఓపీకి వచ్చేవారిలో చాలామందికి పరీక్షలన్నీ నార్మల్‌గానే ఉంటాయి. వారికి కావలసింది మరో స్కాన్ కాదు. స్థిమితంగా కూర్చోబెట్టి ముప్పావుగంట మాట్లాడగలిగిన, అలా మాట్లాడటంలో శిక్షణ పొందిన మనిషి కావాలి. బయట వరుసలో పదుల మంది నిలబడి ఉన్నప్పుడు వైద్యుడికి అంత తీరిక దొరకదు.

నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవారిలో ప్రతి వందమందిలో సుమారు పదిమందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. సమస్య రకాన్ని బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. అంటే పని చాలా ఉంది, సరైన శిక్షణ ఉన్నవారే తక్కువ.

ఎవరు ఎవరు?

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. మానసిక పరీక్షలు చేసి సమస్యను అంచనా వేస్తారు, సైకోథెరపీ చేస్తారు. కౌన్సెలర్ చదువు, ఉద్యోగం, కుటుంబం వంటి విషయాల్లో వచ్చే చిక్కుల్ని దాటడానికి సాయం చేస్తారు. సైకాలజీ డిగ్రీతో సైకియాట్రిస్ట్ కాలేరు. డిగ్రీ పూర్తికాగానే సైకోథెరపిస్ట్ కూడా కాలేరు.

క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు చేసి, అక్కడ పేరు నమోదు చేసుకోవాలి. నమోదు లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చని 1992 నాటి ఆర్‌సీఐ చట్టం చెబుతోంది. ఇన్నాళ్లూ దారి ఇలా ఉంది: మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల పీజీ, ఆపై ఆసుపత్రిలో రెండేళ్ల ఎంఫిల్. మొత్తం ఏడేళ్లు. ఎంబీబీఎస్, ఎండీ కలిపితే ఎనిమిదిన్నరేళ్లు. రెంటికీ పెద్ద తేడా ఏమీ లేదు. ఇంట్లో లెక్క వేసుకునేటప్పుడు ఈ ఏడేళ్లనూ కలిపే వేసుకోవాలి.

మారిన నిబంధనలు

రెండు మార్పులు తప్పక తెలిసి ఉండాలి. మొదటిది, 2020 జాతీయ విద్యావిధానం ఎంఫిల్‌ను తీసేయాలని చెప్పింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం యూజీసీ 2025-26 విద్యాసంవత్సరం వరకు వెసులుబాటు ఇచ్చింది. నాలుగేళ్ల బీఎస్సీ క్లినికల్ సైకాలజీ ఆనర్స్ వంటి కొత్త కోర్సులను ఆర్‌సీఐ ప్రవేశపెట్టింది. కాబట్టి సీనియర్లు వెళ్లిన దారే మీకూ ఉంటుందనుకోవద్దు. ఏ కోర్సుకు, ఏ కళాశాలకు గుర్తింపు ఉందో చేరే ఏడాది ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

రెండోది, 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ డిగ్రీ కోర్సుగా అందించకూడదని యూజీసీ ఆదేశించింది. ‘ఇంట్లో కూర్చునే ఎమ్మెస్సీ సైకాలజీ’ అంటూ ఎవరైనా ఫోన్ చేస్తే ఫీజు కట్టేముందు ఈ మాట గుర్తు చేసుకోండి.

దారులు చాలానే

అందరూ క్లినికల్ వైపే వెళ్లనక్కర్లేదు. పిల్లలంటే ఇష్టం, ఓపిక ఉన్నవారికి బుద్ధిమాంద్యం, ఆటిజం, చదువులో వెనకబాటు ఉన్న చిన్నారులతో పనిచేసే రంగం ఉంది. ప్రత్యేక విద్య, పునరావాస కోర్సులకు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ నీపిడ్ మనకు దగ్గరలోనే ఉంది.

పాఠశాలలు, కళాశాలల్లో కౌన్సెలర్ల అవసరం ఇంకా పెరుగుతుంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఓ విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థ అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్ట్‌నో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించుకోవాలన్నది వాటిలో ఒకటి.

ప్రభుత్వ రంగంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, హెచ్‌ఐవీ కౌన్సెలింగ్ కేంద్రాలు, కౌమార ఆరోగ్య క్లినిక్‌లు, టెలిమానస్ హెల్ప్‌లైన్ ఉన్నాయి. ఇవి చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలు. ఆ సంగతి తెలిసే వెళ్లాలి. మనుషుల కష్టాన్ని ఇంటివరకు వెళ్లి చూడాలనుకునేవారు సైకియాట్రిక్ సోషల్ వర్క్ గురించి ఆలోచించవచ్చు. లెక్కలు ఇష్టమైతే మార్కెట్ పరిశోధన, సంస్థల్లో మానవ వనరుల విభాగం ఉన్నాయి. బోధన ఇష్టమైతే పీజీ తర్వాత నెట్, పీహెచ్‌డీ.

సర్టిఫికెట్ మోజు

మా ఓపీకి వచ్చిన ఓ యువతి సంగతి చెబుతాను. ఒళ్లు బరువు, మతిమరుపు, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం ఆమె బాధలు. డిప్రెషన్ అని చెప్పి ఆరు నెలలుగా ఒకరు కౌన్సెలింగ్ చేస్తున్నారు. ఆమె గొంతు బొంగురుపోయింది, చర్మం పొడిబారింది, బరువు పెరిగింది. రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ బాగా తగ్గి ఉంది. మాత్రలు మొదలుపెట్టిన రెండు నెలలకు చాలా తేరుకుంది.

ఆ కౌన్సెలర్ కూడా కుర్రవయసువారే. సైకాలజీ డిగ్రీ తర్వాత కొద్ది వారాల ఆన్‌లైన్ కోర్సు చేశారట. మాట మంచిది, మనసూ మంచిదే. ‘ఒకసారి డాక్టర్‌కు చూపించుకు రండి’ అని ఎప్పుడు చెప్పాలో మాత్రం ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఇక్కడ తప్పింది ఆరు నెలల కాలమే. ఎదుట కూర్చున్న మనిషి ఆత్మహత్య ఆలోచనలో ఉంటే, లేదా బైపోలార్ సమస్య ఉంటే పోయేది ప్రాణం కావచ్చు. ఎక్కడ ఆగాలో, ఎవరి దగ్గరకు పంపాలో తెలియడమే ఈ వృత్తిలో సగం నైపుణ్యం. అది పెద్దల పర్యవేక్షణలో, రోగుల మధ్య నేర్చుకోవలసిందే. స్వల్పకాల కోర్సులు అదనపు జ్ఞానానికి పనికొస్తాయి. బోర్డు పెట్టుకోవడానికి కాదు.

ఏ ఏడాది ఏం చేయాలి?

మొదటి ఏడాది: గణాంకశాస్త్రాన్ని చూసి పారిపోకండి. పీజీ ప్రవేశపరీక్షలోనూ, ఏ పరిశోధనలోనూ అది తప్పదు. వారానికి ఒకరోజు ప్రత్యేక అవసరాల పిల్లల పాఠశాలలోనో, వృద్ధాశ్రమంలోనో సేవ చేయండి. బాధలో ఉన్నవారి పక్కన గంటసేపు కూర్చోగలరో లేదో మీకే తెలుస్తుంది.

రెండో ఏడాది: సెలవుల్లో ఆసుపత్రి, పాఠశాల, కంపెనీ... వీటిలో కనీసం రెండు చోట్ల పని ఎలా జరుగుతుందో చూడండి. పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంటుంది, మన రోగి తెలుగులో బాధపడతాడు. ‘యాంగ్జయిటీ’ అని ఎవరూ చెప్పరు. గుండెల్లో గాభరా, కాళ్లూచేతులూ ఆడటం లేదు, మనసు మనసులో లేదు అంటారు. ఆ మాటలు రాసిపెట్టుకోండి. ఇది ఏ కోర్సులోనూ దొరకని శిక్షణ.

మూడో ఏడాది: కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ, మన రాష్ట్రాల విశ్వవిద్యాలయాలకు తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్ ద్వారా ప్రవేశాలుంటాయి. డిగ్రీలో సైకాలజీ మూడు సబ్జెక్టుల్లో ఒకటిగా చదివినవారు తమకు అర్హత ఉందో లేదో నోటిఫికేషన్‌లో ముందే చూసుకోవాలి. ఒకే దారి మీద ఆశ పెట్టుకోకుండా రెండోది కూడా సిద్ధంగా ఉంచుకోండి.

తల్లిదండ్రులకు రెండు మాటలు

ఒకటి: ‘ఏడేళ్ల చదువైతే పెళ్లెప్పుడు?’ అని ఆడపిల్లను మధ్యలో ఆపేస్తే, అప్పటిదాకా పెట్టిన ఖర్చుకూ కష్టానికీ తగిన అర్హత చేతికి రాదు. చేర్పించేముందే ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోండి. పీజీ తర్వాత కౌన్సెలర్‌గా కొన్నాళ్లు ఉద్యోగం చేసి, ఆపై క్లినికల్ శిక్షణకు వెళ్లే వీలు కూడా ఉంటుంది.

రెండు: కొందరు తమ మనసులోని బాధ అర్థం చేసుకోవడానికి ఈ సబ్జెక్టు ఎంచుకుంటారు. అందులో తప్పేమీ లేదు. అయితే చదువు చికిత్స కాదు. పిల్లలు దిగులుగా, నిద్రలేకుండా ఉంటే ముందు వైద్యుడికి చూపించండి. టెలిమానస్ 14416కు రోజులో ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. తన గాయం మానినవారే ఎదుటివారి గాయాన్ని బెదరకుండా చూడగలుగుతారు.