జాతరలో మాట వినబడుటకు

ఏటా పుష్యమాసపు అమావాస్యనాడు ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లి చెంతనున్న కేస్లాపూరులో మెస్రం వంశపు గోండులు నాగోబా జాతర జరుపుదురు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము నేలకొరగిన పిదప, గోండుల స్థితిగతులు పరిశీలించుటకు నిజాము ప్రభుత్వము మానవశాస్త్రజ్ఞుడైన హైమెన్‌డార్ఫును నియోగించినది. ఆయన చొరవతో ఆ దశకముననే జాతరలో దర్బారు ఏర్పడినది. గిరిజనులు తమ మొర అధికారులకు విన్నవించుకొను చోటు అది. అట్టిచోట మైకు గరగరలాడినచో మొర సగమే చెవికెక్కును. తప్పిపోయిన బిడ్డ పేరు చాటునపుడును అంతే. కావున లౌడ్‌స్పీకరు మర్మమును కొంత తెలిసికొందము.

మొదటిది ఆంప్లిఫయరులో ఉండవలసిన మిగులుశక్తి. దీనినే హెడ్‌రూమ్ అందురు. మన మాట ఒకే మట్టమున సాగదు. గొంతెత్తినపుడు, డోలుపై దెబ్బ పడినపుడు ధ్వని సగటుకంటె 10 డెసిబెళ్లు పైకి లేచుట సామాన్యము. 10 డెసిబెళ్లు అనగా పదిరెట్ల శక్తి. సగటున 10 వాట్లు వాడుచున్నచో ఆ క్షణమున 100 వాట్లు కావలెను. 30 వాట్ల యంత్రము అంత ఈయజాలక ధ్వనితరంగముల శిఖరములను నరికివేయును. అప్పుడు మాట కర్కశమగును. అదేపనిగా సాగినచో స్పీకరులోని తీగచుట్ట మాడిపోవచ్చును.

రెండవది స్పీకరు అవరోధము, అనగా ఇంపెడెన్సు. దీనిని ఓములలో కొలుతురు. 8 ఓముల స్పీకర్లు రెంటిని సమాంతరముగా కలిపిన 4 ఓములగును. నాలుగింటిని కలిపిన 2 ఓములే. ఓములు తగ్గినకొలది యంత్రముపై బరువు హెచ్చును. 4 ఓములకు తగ్గరాదని వ్రాసియున్న యంత్రము 2 ఓములకు తాళలేక వేడెక్కును. రెండేసి స్పీకర్లను వరుసగా కలిపి, ఆ జంటలను సమాంతరముగా కలిపినచో మరల 8 ఓములు వచ్చును.

తీగ పొడవైనచో మరియొక చిక్కు కలదు. తీగ నిరోధము 4 ఓములైనచో, 8 ఓముల స్పీకరుకై పంపిన శక్తిలో మూడవవంతు తీగలోనే వేడియై పోవును. అందువలననే విశాల ప్రదేశములలో 100 వోల్టుల లైను వేసి, ప్రతి హారనుకు ఒక ట్రాన్స్‌ఫార్మరు అమర్చుదురు. అచట ఓముల లెక్కకు మారు వాట్లు కూడిన చాలును. 15 వాట్ల హారనులు నాలుగైనచో 60 వాట్లు. ఆ మొత్తము యంత్రపు శక్తిని మించరాదు.

ఆరుబయట దూరము రెట్టింపైన ధ్వని 6 డెసిబెళ్లు తగ్గును. దానిని పూడ్చుటకు నాలుగురెట్ల శక్తి కావలెను. కావున మీట త్రిప్పుటకంటె హారనును జనమునకు చేరువగా కట్టుట మేలు. యంత్రపు బలమంతయు ముందే వ్యయపరచినచో, మొరపెట్టువాడు గొంతెత్తు క్షణమున ఈయుటకు ఏమియు మిగలదు.