బల్ల మీద గోదావరి

పులిమేక ఆడిన చేతులకు ఈ ఆట సగం వచ్చినట్టే. 3 పులులు, 15 మేకలు, బండ మీద సుద్దతో గీసిన ముక్కోణం. పులి మేక మీదుగా దూకి చంపుతుంది. మేకలు గుంపుగా కమ్ముకుని పులికి కదిలే చోటు లేకుండా చేస్తాయి. బలాలు సమానం కావు, అయినా పోటీ సమానమే. ఇప్పుడా గీతలు చెరిపేసి, ఆ చోట కొండ, వాగు, కూలిన గోడ పెట్టండి. గవ్వలూ రాళ్లూ తీసేసి, బొటనవేలి కణుపంత సైనికుల బొమ్మలు నిలబెట్టండి. పులులు వేరే గ్రహం నుంచి దిగిన కవచధారులు, మేకలు వాళ్లకు అడ్డుపడిన ఊరివాళ్లు. సైన్స్ ఫిక్షన్ మినియేచర్ వార్‌గేమ్ అంటే ఇదే.

దీనికి పాత చరిత్రే ఉంది. 1812లో రైస్‌విట్జ్ అనే ఆయన ప్రష్యా రాజుకు ఒక బల్ల చేసి ఇచ్చాడు. నదులు, పొలాలు ఉన్న పలకలను జరిపి దాని మీద ఏ నేలనైనా తయారు చేసుకోవచ్చు. అది సైన్యాధికారుల చదువు కోసం. దాన్ని ఇంటి నేల మీదికి తెచ్చినవాడు హెచ్.జి. వెల్స్. అంగారక గ్రహవాసులు భూమి మీద పడ్డ కథ రాసిన వెల్సే 1913లో ‘లిటిల్ వార్స్’ అనే ఆట పుస్తకం రాశాడు. నిజమైన యుద్ధం కంటే ఈ చిన్న యుద్ధమే ఎంతో మేలని అందులో వాదించాడు. మరుసటి ఏడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. తుపాకి చప్పుడు నిజంగా విన్న ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో వెల్స్ మాట ఇంకా బరువుగా తగులుతుంది. గ్రహాంతరాల కథతో ఈ ఆటను ప్రపంచమంతా తిప్పింది 1987లో ఇంగ్లండ్‌లో వచ్చిన ‘వార్‌హామర్ 40,000’.

కొత్తగా చూసేవాళ్లు బొమ్మల దగ్గరే ఆగిపోతారు. నా లెక్కలో ఆటకు ప్రాణం నేల. ఆడేవాళ్లు దాన్ని టెర్రైన్ అంటారు. బస్తర్ సరిహద్దు ఊరు తర్లగూడనే తీసుకోండి. హైదరాబాద్ నుంచి వచ్చే 163వ నంబరు జాతీయ రహదారి ఏటూరునాగారం దాటి, గోదావరి వంతెన ఎక్కి, వాజేడు మీదుగా ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లో అడుగుపెడుతుంది. రోడ్డు, అడవి, ఏరు. బల్లకు ఇంతకంటే ఏం కావాలి? రోడ్డు మీద బొమ్మ వేగంగా పోతుంది గానీ దూరం నుంచే కంటబడుతుంది. అడవిలో దాక్కోవచ్చు, నడక మాత్రం తగ్గుతుంది. ఏరు దాటాలంటే వంతెన దగ్గరికే రావాలి, శత్రువుకూ ఆ సంగతి తెలుసు. ఎవరు ఎవరికి కనిపిస్తారో తేలాలంటే ఆటగాడు వంగి, బొమ్మ కళ్ల ఎత్తు నుంచి చూడాలి. ఆ ఒక్క క్షణం మనిషి నిజంగా ఆ అడవిలో ఉంటాడు.

గోడ విలువ ఎంతో లెక్క వేసి చూద్దాం. నియమాలు ఆటకొక తీరు, ఇదొక మాదిరి. మీ జట్టు 18 గుండ్లు పేల్చింది, 18 పాచికలు వేశారు. 3 గానీ ఆపైన గానీ పడితే తగిలినట్టు. సగటున 12 తగులుతాయి. ఆ 12 మళ్లీ వేస్తే, 4 నుంచి పైన పడ్డవి గాయాలు, 6 మిగులుతాయి. ఇప్పుడు ఎదుటివాడి వంతు. కవచం పేరున ఆ 6 పాచికలు తను వేస్తాడు, 3 నుంచి పైన పడితే బతికినట్టే. సగటున ఇద్దరు పడిపోతారు. అదే జట్టు కూలిన గోడ వెనక ఉంటే కవచానికి ఒకటి కలుస్తుంది, 2 పడినా చాలు. అప్పుడు పడేది ఒక్కడే. గోడగా నిలబెట్టిన థర్మాకోల్ ముక్క నష్టాన్ని సగానికి సగం తగ్గించింది!

బలాలను తూచేది పాయింట్లు. బలమైన బొమ్మకు ఎక్కువ పాయింట్లు, బలహీనమైనదానికి తక్కువ. రెండు పక్షాల మొత్తం సమానంగా ఉండాలి. 3 పులులకు 15 మేకలు ఎలా సరితూగాయో అలాగే.

ఇక కట్టడం. సంక్రాంతి బొమ్మల కొలువులో పళ్లెంలో రాగులు మొలిపించి పొలం చేసిన ఇంట్లో ఈ విద్య కొత్తది కాదు. కొండపల్లిలో చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మక్కు చేసి బొమ్మలకు అవయవాలు అతుకుతారు. ఇక్కడా రంపపు పొట్టే పచ్చిక, ఆకుపచ్చ రంగులో తడిపి ఎండబెడితే చాలు. థర్మాకోల్ చెక్కితే గుట్ట. బొమ్మలకు రంగు పలచగా రెండు మూడు పూతలు వేయాలి, చిక్కగా వేస్తే ముఖంలో కళ్లూ ముక్కూ పూడుకుపోతాయి. పూత ఆరాక నీళ్లలా పలచగా చేసిన ముదురు రంగు పారిస్తే అది మడతల్లో నిలిచి నీడలా కనిపిస్తుంది.

ఏరు చేయడానికి ఓపిక కావాలి. అట్ట మీద ముందు మట్టిరంగు, నడుమ లోతున్న చోట ముదురు ఆకుపచ్చ, దాని మీద నీటిమెరుపు కోసం ఫెవికాల్ పలచగా పొర మీద పొర. ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకొకటి. ఒడ్డున తిన్నెలకు మాత్రం ఇసుక కొనకండి. గోదావరిదే గుప్పెడు తెచ్చి, కడిగి, ఎండబెట్టి, పిండి జల్లెడలో పట్టండి. ఆ రంగు ఏ డబ్బాలోనూ దొరకదు.